రైఫిల్ మార్చే ముందు తూటా మార్చి చూడండి

స్వప్నిల్ కుసాలే 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్ (మోకాలి మీద, పడుకుని, నిలబడి కాల్చే) విభాగంలో కాంస్యం గెలిచాక, మన పాఠకుల్లో పాయింట్ 22 రైఫిల్ (0.22 అంగుళాల తూటా కాల్చేది) మీద ఆసక్తి బాగా పెరిగినట్టు ఉత్తరాలు చూస్తే తెలుస్తోంది. ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి: గురి తప్పితే లోపం రైఫిల్‌దా, తూటాదా, కాల్చే మనిషిదా? అందుకే ఈ సంచికలో ఆ ప్రశ్నలకే జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా అమ్మాయి ఎయిర్ రైఫిల్ నుంచి ఈ మధ్యే 50 మీటర్ల ప్రోన్‌కు (పడుకుని కాల్చే విభాగానికి) మారింది. క్లబ్బు వారి పాత ఆన్‌షుట్జ్ (జర్మనీ కంపెనీ) రైఫిల్‌తో సాధన చేస్తోంది. నిరుడు ఒక కంపెనీ తూటాలతో మంచి స్కోర్లు వచ్చాయి. ఇప్పుడు అదే కంపెనీ, అదే పేరున్న తూటాలు తెచ్చినా తొమ్మిదులు ఎక్కువగా పడుతున్నాయి. అప్పు చేసైనా కొత్త రైఫిల్ కొందామని నేను అంటున్నాను. కోచ్ మాత్రం ముందు తూటాలు మార్చి చూడమంటున్నారు. ఏది సరైనది?
– ఒక తండ్రి, హైదరాబాద్

జవాబు: కోచ్ చెప్పినదే సరైనది. అప్పు ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

ఈ పోటీలో ఎంత ఖచ్చితత్వం కావాలో ముందు లెక్క చూద్దాం. 50 మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పది వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. బుల్లెట్, అంటే తూటా నుంచి విడివడి ఎగిరే సీసపు ముక్క, వ్యాసం 5.6 మిల్లీమీటర్లు. రంధ్రం అంచు వలయం గీతను తాకినా ఆ పాయింటు దక్కుతుంది కనుక, బుల్లెట్ కేంద్రం టార్గెట్ కేంద్రం నుంచి 8 మిల్లీమీటర్ల లోపు పడితే పది వచ్చినట్టే. దీన్నే మరోలా చూస్తే, రైఫిల్‌ను కదలకుండా బిగించి కాల్చినప్పుడు రంధ్రాలన్నీ, కేంద్రం నుంచి కేంద్రానికి కొలిచి, 16 మిల్లీమీటర్ల వృత్తంలో ఇమిడితేనే ఆ రైఫిలూ ఆ తూటా కలిసి అన్నీ పదులు ఇవ్వగలవు. అదే జంట 25 మిల్లీమీటర్ల గ్రూపు (రంధ్రాలన్నీ చెదిరిన మేర) ఇస్తుంటే, మీ అమ్మాయి ఊపిరి, పట్టు, ట్రిగ్గర్ అన్నీ నూటికి నూరు పాళ్లు సరిగ్గా ఉన్నా కొన్ని తొమ్మిదులు తప్పవు. పారిస్‌లో క్వాలిఫికేషన్ దశలో కుసాలే 600కు 590 సాధించి ఏడో స్థానంలో ఫైనల్ చేరాడు. అరవై తూటాల్లో పోయినవి పది పాయింట్లు మాత్రమే. ఆ స్థాయి పోటీలో తూటా చేసిన తప్పుకు చోటు ఎక్కడ ఉంటుంది?

పాయింట్లు పోవడం కంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. తూటా వల్ల పడిన తొమ్మిదిని పిల్లలు తమ తప్పుగా భావించి, సరిగ్గా ఉన్న పొజిషన్‌ను సవరించడం మొదలుపెడతారు. అలా వచ్చిన చెడు అలవాటును వదిలించడానికి కోచ్‌కు నెలలు పడుతుంది. ఈ కారణం వల్లనే, నేర్చుకునే వారికి నాసిరకం తూటా చాలు అన్న వాదనతో నేను ఏకీభవించను.

ఇక ఒకే పేరున్న తూటా రెండు సార్లు రెండు రకాలుగా ఎందుకు ప్రవర్తించిందో చెబుతాను. పెద్ద రైఫిళ్ల తూటాకు అడుగు భాగం మధ్యలో విడిగా ప్రైమర్ (దెబ్బ తగిలితే అంటుకునే మందు) ఉంటుంది. పాయింట్ 22 రిమ్‌ఫైర్ తూటాకు అది ఉండదు. కజ్జికాయ అంచు మడిచినట్టు ఇత్తడి కేసు అడుగున చుట్టూ రిమ్ మడిచి ఉంటుంది. ఆ బోలు మడతలోకి తడి ప్రైమర్ మందును గిర్రున తిప్పి నింపుతారు. ఫైరింగ్ పిన్ రిమ్ మీద ఒక చోట నొక్కితే అక్కడి మందు అంటుకుని, లోపలి పౌడర్‌ను వెలిగిస్తుంది. రిమ్ చుట్టూ మందు ఒకే మందంలో పరుచుకోకపోతే, ఒక తూటాలో పిన్ పడిన చోట కొంచెం ఎక్కువ, మరో తూటాలో కొంచెం తక్కువ ఉంటుంది. పౌడరు కూడా గ్రాములో సుమారు పదో వంతే కనుక, ఇంత చిన్న తేడా కూడా బుల్లెట్ వేగంలో కనిపిస్తుంది.

వేగంలో తేడా టార్గెట్ మీద నిలువు తేడాగా మారుతుంది. సెకనుకు సుమారు 325 మీటర్ల వేగంతో బయలుదేరే బుల్లెట్, 50 మీటర్లు చేరేసరికి గురుత్వాకర్షణ వల్ల దాదాపు 12 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. సైట్ ఆ దిగుడును సర్దుకుని ఉంటుంది. కానీ ఒక తూటా సెకనుకు 10 మీటర్లు నెమ్మదిగా వెళితే అది మరో 7, 8 మిల్లీమీటర్లు కిందికి పడుతుంది. గురి కేంద్రానికి రవ్వంత కిందుగా ఉన్నా పది వలయాన్ని దాటించడానికి అది చాలు. రంధ్రాలు పక్కలకు చెదరకుండా నిలువుగా వరస కడుతుంటే, మొదట అనుమానించవలసింది తూటా వేగాన్నే.

కంపెనీలు ఒకే యంత్రం మీద, ఒకే విడత ముడిసరుకుతో చేసిన తూటాలకు ఒక లాట్ నంబరు ఇస్తాయి. ప్రైమర్ మందు, పౌడర్, సీసం, మైనపు పూత, పనిముట్ల అరుగుదల లాటుకూ లాటుకూ కొద్దిగా మారుతాయి. పేరున్న తూటాలు ఇలీ టెనెక్స్ అయినా, లాపువా అయినా, ఆర్‌డబ్ల్యూఎస్ అయినా దీనికి మినహాయింపు కాదు. నిరుడు మీరు తెచ్చిన లాటు ఆ బ్యారెల్‌కు నప్పింది. ఈసారి లాటు నప్పలేదు. డబ్బా పక్క అంచు మీద లాట్ నంబరు ఉంటుంది, ఇలీ డబ్బాల మీదనైతే ఆ లాటు వేగం కూడా ముద్రించి ఉంటుంది. పాత డబ్బా ఒక్కటి మిగిలి ఉన్నా రెండు నంబర్లూ పోల్చి చూడండి, తేడా కనబడుతుంది.

మీరు చేయవలసినది ఇది. కోచ్ ద్వారా మూడు నాలుగు లాట్లు, ఒక్కొక్కటి రెండేసి డబ్బాల చొప్పున తెప్పించండి. క్లబ్బు రైఫిల్‌ను బెంచి మీద గట్టి ఆధారంతో పెట్టి, గాలి లేని ఉదయం పూట కాల్చి చూడండి. నప్పిన లాటు దొరికితే ఏడాదికి సరిపడా అదే లాటు తీసుకోండి. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ దగ్గర ఇలీ వారికీ, జర్మనీలోని షోనెబెక్‌లో లాపువా వారికీ ఈ పరీక్ష కోసమే రేంజిలు ఉన్నాయి. షూటర్లు తమ రైఫిళ్లు అక్కడికి తీసుకెళ్లి, బ్యారెల్‌ను బిగించి, వరసగా లాట్లు కాల్పించుకుని, నచ్చినది కొనుక్కుంటారు. మీకు అంత ప్రయాణం అవసరం లేదు. పద్ధతి మాత్రం అదే.

పాత రైఫిల్ అన్న దిగులు కూడా పెట్టుకోకండి. రిమ్‌ఫైర్‌లో ఒత్తిడి తక్కువ, బుల్లెట్ మెత్తని సీసం. శుభ్రంగా ఉంచిన ఆన్‌షుట్జ్ మ్యాచ్ 54 బ్యారెల్ కొన్నేళ్ల సాధనకు అరిగిపోయేది కాదు.

ప్రశ్న: నేను డాలస్ దగ్గర ఉంటున్నాను. వారాంతంలో రూగర్ 10/22తో 50 గజాల దూరంలో కాలుస్తుంటాను. వేగం ఎక్కువ ఉంటే బుల్లెట్ నేరుగా వెళుతుందని హై వెలాసిటీ తూటాలు కొన్నాను. గ్రూపు రెండు అంగుళాలు దాటుతోంది. వేగమైన తూటాతో గురి ఎందుకు చెడుతుంది?
– ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: పాయింట్ 22లో వేగానికీ ఖచ్చితత్వానికీ మధ్య ధ్వని వేగం అడ్డు నిలబడుతుంది. మీ ఊళ్లో 35 డిగ్రీల ఎండలో గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 352 మీటర్లు. హై వెలాసిటీ తూటా దాదాపు 380 మీటర్లతో బయలుదేరి, 50 గజాలు చేరేలోపే ధ్వని వేగానికి దగ్గరగానో, దాని కిందికో దిగుతుంది. ఆ దాటే చోట బుల్లెట్ మీద గాలి నిరోధం బాగా పెరుగుతుంది. కొద్దిగా వంకరగా ఉన్న బుల్లెట్‌ను ఆ ఒడుదొడుకు మరింత ఊపుతుంది. పోటీల కోసం చేసే మ్యాచ్ తూటాలు 320–330 మీటర్ల మధ్య తయారు కావడానికి కారణం ఇదే. చలికాలంలో గాలి చల్లబడి ధ్వని వేగం 331 మీటర్ల దాకా తగ్గినా అవి ఆ గీతకు కిందే ఉంటాయి.

అడ్డగాలి ముచ్చట చాలా మందికి నమ్మశక్యంగా ఉండదు. వేగంగా పోయే బుల్లెట్ గాలిలో తక్కువ సేపు ఉంటుంది కాబట్టి తక్కువగా తేలాలి అనుకుంటాం. నిజానికి పక్కకు తేలడం, బుల్లెట్ ప్రయాణించిన సమయాన్ని బట్టి కాక, గాలి నిరోధం వల్ల అది ఎంత ఆలస్యమైందో దాన్ని బట్టి ఉంటుంది. ధ్వని వేగం దగ్గర నిరోధం ఎక్కువ కనుక హై వెలాసిటీ బుల్లెట్ ఎక్కువ ఆలస్యమై, మ్యాచ్ బుల్లెట్ కంటే ఎక్కువగా పక్కకు జరుగుతుంది. మామూలు వేగం తూటాయే సెకనుకు ఒక మీటరు అడ్డగాలిలో 50 మీటర్ల దగ్గర సుమారు 6 మిల్లీమీటర్లు జరుగుతుంది. చెంప మీద గాలి తగిలీ తగలనట్టున్నా టార్గెట్ మీద అంత తేడా వస్తుందన్న మాట.

మీ రైఫిల్ వైపు నుంచి కూడా ఒక మాట. 10/22 సెమీ ఆటోమేటిక్, అంటే కాల్చిన వెంటనే తనంత తానే మరో తూటా ఎక్కించుకునేది. రకరకాల తూటాలు ఇరుక్కోకుండా ఎక్కి దిగాలి కాబట్టి దాని ఛాంబర్ (బ్యారెల్ వెనక తూటా కూర్చునే గది) కొంచెం వదులుగా చేస్తారు. మ్యాగజీన్ నుంచి తూటాను బోల్ట్ (ఛాంబర్‌ను వెనక నుంచి మూసే కదిలే భాగం) బలంగా తోసేటప్పుడు మెత్తని సీసపు మొన గీసుకుపోవచ్చు. బోల్ట్‌ను లాగి వదిలి మ్యాగజీన్ నుంచి ఒక తూటాను ఛాంబర్‌లోకి ఎక్కించి, కాల్చకుండా, బ్యారెల్ నోరు (బుల్లెట్ బయటకు వచ్చే కొస) రేంజి వైపే ఉంచి బయటకు తీసి, మంచి వెలుతురులో చూడండి. మొన మీద ఒక పక్కకు గీత గానీ చెక్కుడు గానీ కనిపిస్తే కారణం కొంత దొరికినట్టే. తరువాత సీసీఐ స్టాండర్డ్ వెలాసిటీ వంటి తూటాలు ప్రయత్నించండి. దాని వేగం సెకనుకు సుమారు 326 మీటర్లు, చాలా 10/22లను ఇబ్బంది లేకుండా నడిపిస్తుంది. రైఫిల్‌తో వచ్చిన కంపెనీ బ్యారెల్‌తో అంగుళం, అంగుళంన్నర వస్తే సంతోషించండి. అంతకంటే బాగా కావాలంటే బోల్ట్ యాక్షన్ (ప్రతి తూటానూ బోల్ట్ చేత్తో కదిపి ఎక్కించే రైఫిల్) వైపు చూడాలి.

ప్రశ్న: లక్షలు పోసి కొనే టార్గెట్ రైఫిల్‌లో మామూలు పాయింట్ 22 కంటే నిజంగా ఎక్కువ ఉన్నది ఏమిటి? అంతా పేరు కోసమేనా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: పేరు కోసం కాదు. అయితే ఆ డబ్బు ఎక్కడికి పోతుందో తెలిస్తే ఏది అవసరమో, ఏది సౌకర్యమో మీరే తేల్చుకోగలరు.

అన్నిటికంటే ముఖ్యం బ్యారెల్, అందులోనూ ఛాంబర్. మ్యాచ్ ఛాంబర్ బిగుతుగా, పొట్టిగా ఉంటుంది. తూటా లోపలికి వెళ్లినప్పుడే బుల్లెట్ ముందు భాగం బ్యారెల్ లోపలి మెలిక గాడుల్లోకి కొద్దిగా దిగుతుంది. కాల్చిన తరువాత బుల్లెట్ ఖాళీలో దూకి వంకరగా దిగే అవకాశం ఉండదు. అలాంటి రైఫిల్‌లో కాల్చని తూటాను బయటకు తీస్తే సీసం మీద గాడుల ముద్రలు చుట్టూ సమానంగా కనిపిస్తాయి. ఒక పక్క లోతుగా, మరో పక్క అసలు లేనట్టుగా ఉంటే ఛాంబర్ బ్యారెల్‌తో ఒకే అక్షంలో లేదని అర్థం, ఆ లోపాన్ని ఏ తూటా కప్పిపుచ్చలేదు. బ్యారెల్ లోపలి కొలత మొదటి నుంచి చివరి దాకా ఒకేలా, లేదా నోటి దగ్గర రవ్వంత ఇరుకుగా ఉండాలి. మధ్యలో వదులైతే సీసం పట్టు తప్పుతుంది. ఇక నోటి అంచు. బుల్లెట్‌ను చివరిసారి తాకేది అదే. అక్కడ చిన్న నొక్కు పడినా వెనక నుంచి తోసుకొచ్చే వాయువు ఒక పక్క ముందుగా తప్పించుకుని బుల్లెట్‌ను పక్కకు నెడుతుంది.

రెండోది ట్రిగ్గరూ ఫైరింగ్ పిన్నూ. ట్రిగ్గర్ విడిన క్షణం నుంచి పిన్ రిమ్‌ను తాకే దాకా పట్టే వ్యవధి మంచి రైఫిల్‌లో చాలా తక్కువ. ఆ తరువాత బుల్లెట్ బ్యారెల్ దాటడానికి రెండు, మూడు మిల్లీసెకన్లు. ఆ వ్యవధి అంతా రైఫిల్ కదలకుండా ఉండాలి. పిన్ దెబ్బ కూడా ప్రతిసారీ ఒకే బలంతో పడాలి. స్ప్రింగు నీరసిస్తే ప్రైమర్ సగం మనసుతో వెలుగుతుంది, వేగం మారుతుంది, గ్రూపు నిలువుగా సాగుతుంది. చాలా మంది ఆ నెపాన్ని తూటా మీద వేసి కొత్త లాటు కోసం తిరుగుతారు, మార్చవలసింది స్ప్రింగు.

మిగిలిన ఖర్చు స్టాకుది, అంటే బ్యారెల్‌ను మోసే, మనిషి పట్టుకునే భాగానిది: బుగ్గ, భుజం, చేయి ఆనే చోట్లు శరీరానికి తగ్గట్టు సర్దుకునే ఏర్పాట్లు. బిగించి కాల్చినప్పుడు గ్రూపు కొలతను ఇవి మార్చవు. మనిషి ఒకే భంగిమలోకి పదే పదే రావడానికి పనికొస్తాయి. పోటీల్లోకి దిగేవారికి తప్పనిసరి, సరదాకు కాల్చేవారికి కాదు. జర్మనీకి చెందిన ఆన్‌షుట్జ్, వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్, స్విట్జర్లాండ్‌కు చెందిన బ్లైకర్ వీటన్నిటిలోనూ ముందున్న పేర్లు. నా అభిప్రాయం అడిగితే, సెకండ్‌హ్యాండ్‌లో దొరికే మంచి మ్యాచ్ బ్యారెల్ ఉన్న పాత రైఫిల్, హంగులున్న కొత్త మధ్యరకం రైఫిల్ కంటే మేలు. మన దేశంలో పాయింట్ 22కు ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి కనుక, బేరం కుదరక ముందే ఆ వ్యవహారం కోచ్‌తోనో, రాష్ట్ర రైఫిల్ సంఘంతోనో మాట్లాడుకోండి.

ప్రశ్న: నేను ఎన్‌సీసీ క్యాడెట్‌ను. క్యాంపులో పాయింట్ 22 రైఫిల్‌తో 25 మీటర్ల ఫైరింగ్‌లో నా ఐదు తూటాలు ఐదు చోట్ల పడ్డాయి. రైఫిల్ పాతది. నా తప్పా, దానిదా?
– ఒక విద్యార్థి, కర్నూలు

జవాబు: 25 మీటర్ల దగ్గర, ఎంత సాధారణ తూటా అయినా, అరచేతి వెడల్పున చెదరదు. అంతగా చెదిరితే కారణం చాలా వరకు ట్రిగ్గర్‌ను గుంజడం, శబ్దానికి ముందే కన్ను మూయడం. అయినా ఊహించుకోనవసరం లేదు. ఇన్‌స్ట్రక్టర్ అనుమతితో బాగా కాల్చే క్యాడెట్ ఒకరు అదే రైఫిల్‌తో, ఇసుక సంచి ఆధారంగా, అదే డబ్బాలోని ఐదు తూటాలు కాల్చాలి. వారివి దగ్గరగా పడితే మీరు ట్రిగ్గర్ సాధన చేయాలి. వారివి కూడా చెదిరితే, స్టాకు మరలు, సైటు వదులయ్యాయేమో చూడమని ఇన్‌స్ట్రక్టర్‌ను కోరండి. మీరే మరలు తిప్పకండి.

ప్రశ్న: కొత్త లాటు పరీక్షించేటప్పుడు ఎన్ని తూటాలు కాల్చాలి? తూటాలను తూచి, రిమ్ మందం కొలిచి వేరు చేస్తే లాభం ఉంటుందా?
– ఒక క్లబ్బు సభ్యుడు, విశాఖపట్నం

జవాబు: ఒక్క ఐదు తూటాల గ్రూపు చూసి తీర్పు ఇవ్వకండి. అదే తూటా, అదే రైఫిల్ ఒకసారి 8 మిల్లీమీటర్లు, వెంటనే 16 మిల్లీమీటర్లు ఇవ్వడం యాదృచ్ఛికంగా జరిగేదే. లాటుకు పది తూటాల గ్రూపులు నాలుగు కాల్చి, నాలుగింటి సగటు చూడండి. అందులో అందమైన గ్రూపు ఒకటి కత్తిరించి గోడకు తగిలించుకుని, దాన్నే ఆ లాటు సామర్థ్యంగా చెప్పుకోవడం మన రేంజిల్లో తరచూ కనిపించే పొరపాటు. పది తూటాల గ్రూపు ఐదు తూటాల గ్రూపు కంటే సగటున పాతిక శాతం పెద్దదిగా ఉంటుందన్నది కూడా గుర్తుంచుకుని, ఒకరి ఐదుతో మీ పదిని పోల్చకండి.

మరో నియమం: లాటు మారినప్పుడు, ముఖ్యంగా కంపెనీ మారినప్పుడు, మొదటి పది, పదిహేను తూటాలు లెక్కలోకి తీసుకోకండి. ఒక్కో కంపెనీ మైనపు పూత ఒక్కో రకం. పాత పూత పోయి కొత్తది బ్యారెల్ నిండా సమంగా పరుచుకునే దాకా బుల్లెట్లు ఒక దారిన వెళ్లవు.

తూచడం, కొలవడం గురించి: చవక తూటాల్లో రిమ్ మందం తేడాలు కొంత ఎక్కువ కనుక, వేరు చేస్తే దారి తప్పి దూరంగా పడేవి కొన్ని తగ్గవచ్చు. మంచి మ్యాచ్ తూటాలో ఆ పని కంపెనీయే చేసి పంపుతుంది. తూకంలో కనిపించే తేడా ఇత్తడిదో, సీసానిదో, మందుదో మీకు తెలియదు. తెలియని దాన్ని బట్టి వేరు చేసి ప్రయోజనం లేదు. ఆ సాయంత్రాలను గాలి చదవడం నేర్చుకోవడానికి వెచ్చించండి.

ప్రశ్న: వేసవిలో మా రేంజిలో తూటాలు డిసెంబరులో పడిన చోట పడడం లేదు. బ్యారెల్ ఎన్నాళ్లకు శుభ్రం చేయాలి?
– ఒక షూటర్, అనంతపురం

జవాబు: వేడికి పౌడర్ కొంచెం చురుగ్గా మండుతుంది, గాలి పలచబడుతుంది, రెండూ కలిసి బుల్లెట్‌ను కొద్దిగా పైకి చేరుస్తాయి. కాబట్టి కాలం మారినప్పుడు సైటు సవరించుకోవడం మామూలే. చెదరడం మాత్రం మామూలు కాదు. ఎండలో నిలిపిన కారులో తూటాల డబ్బా వదిలేస్తే పైపూత మెత్తబడి ఒక పక్కకు జారి, దుమ్ము పట్టి, గ్రూపును చెడగొడుతుంది. డబ్బాలు ఇంట్లో చల్లని చోట, తాళం వేసిన పెట్టెలో ఉంచండి. రేంజిలో నీడలో పెట్టి, అవసరమైనన్ని మాత్రమే బయటకు తీయండి. కింద పడిన తూటాను తుడిచి కాల్చకండి. పూత మీద అంటుకున్న ఇసుక రేణువు బ్యారెల్‌ను గీస్తుంది.

శుభ్రతకు రోజుల లెక్క లేదు. ఛాంబర్ ముందు అంచున మసి గట్టిపడి వలయంలా పేరుకుంటుంది, తూటా ఎక్కించేటప్పుడు బోల్ట్ బిగుతుగా అనిపిస్తుంది. ఆ వలయాన్ని పేరుకోనివ్వకపోవడమే ముఖ్యం. రాడ్డును ఎప్పుడూ ఛాంబర్ వైపు నుంచే, గైడు పెట్టి, నోటి వైపు తోయండి. నోటి వైపు నుంచి దూర్చితే ఇందాక చెప్పిన అంచు అరుగుతుంది.

ప్రశ్న: ట్రిగ్గర్ లాగితే టక్కుమంది గానీ పేలలేదు. వెంటనే బోల్ట్ తెరవవచ్చా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: తెరవకూడదు. రైఫిల్ నోరు టార్గెట్ వైపే ఉంచి, కనీసం 30 సెకన్లు ఆగి, రేంజి అధికారికి చెప్పి అప్పుడు తెరవండి. మందు ఆలస్యంగా అంటుకునే అవకాశం ఉంటుంది. తీసిన తూటా రిమ్ మీద పిన్ ముద్ర చూడండి. ముద్ర పలచగా ఉంటే పిన్ గానీ స్ప్రింగు గానీ పరీక్ష చేయించాలి. ముద్ర లోతుగా, స్పష్టంగా ఉంటే ఆ చోట రిమ్‌లో మందు లేదన్న మాట. దాన్ని తిప్పి మళ్లీ ఎక్కించే ప్రయత్నం చేయకుండా అధికారికి అప్పగించండి. ఒకే డబ్బాలో ఇలాంటివి రెండు, మూడు వస్తే ఆ లాట్ నంబరు రాసి ఉంచుకుని, మిగిలిన డబ్బాలను పోటీకి వాడకండి.